సెలక్షన్‌కు ముందు రోజు

ఆ వారం మా పీఈటీ సారు నాకు చెప్పింది ఒక్కటే. "శనివారం నీ పరుగు. శుక్రవారం ఇంటి పట్టున పడుకో. చేలోకి పోయావంటే కాళ్లు విరగ్గొడతా." అప్పుడు నేను సత్తెనపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో పదో తరగతి. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేదాన్ని. గుంటూరు సెలక్షన్లలో మొదటి ముగ్గురిలో ఉంటే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. లేదంటే అమ్మతో పాటు కూలికే.

రెండేళ్లు ఒక్క రోజు మానలేదు. ఆదివారం కూడా చర్చికి వెళ్లేలోపు డొంక దారిలో పరిగెత్తి వచ్చేదాన్ని. జ్వరంతో వచ్చినందుకు సారుతో తిట్లు కూడా తిన్నాను. కష్టపడమంటే ఎంతైనా పడతాను. ఊరికే కూర్చోమంటేనే నా వల్ల కాదు. అది మా ఇంటా వంటా లేదు.

శుక్రవారం పొద్దున అమ్మ చద్దన్నం కట్టుకుని మిరపకోతకు వెళ్లింది. కూలి ముఠాలో ఇవాళ ఒక మనిషి తక్కువని ఎదురింటి పిన్ని వాకిట్లో అంటూ పోయింది. నన్నెవరూ పిలవలేదు. అయినా దున్నపోతులా మంచం మీద పడి ఉన్నందుకు నాకే సిగ్గేసింది. నాన్న పాత చొక్కా తొడుక్కుని చేలోకి పోయాను.

"నువ్వెందుకొచ్చావే? సారు వద్దన్నాడుగా" అంది అమ్మ.

"ఏం కాదులే" అని సాలు పట్టాను. సాయంత్రం దాకా కోశాను. అందరికంటే ముందున్నానని గొప్ప ఒకటి, నా మొహానికి.

ఇంటికొచ్చి మజ్జిగతో చేతులు కడిగాను, కొబ్బరినూనె రాశాను, సబ్బుతో రెండుసార్లు తోమాను. మిరప మంట అంత తేలిగ్గా వదులుతుందా? కాయ కోసిన చెయ్యి కంటికి తగలకూడదని మా ఊళ్లో పాకే పిల్లకైనా తెలుసు. అందుకే చేలో చెమట పడితే భుజం ఎత్తి చొక్కాకే తుడుచుకుంటాం.

శనివారం స్కూలువాళ్లు కొత్త బనీను ఇచ్చారు. దానికి చేతుల్లేవు.

రెండో రౌండు చివర మూడో స్థానంలో ఉన్నాను. కాళ్లలో సత్తువ ఇంకా ఉంది. కంట్లోకి చెమట దిగింది. అలవాటుగా భుజం ఎత్తాను. అక్కడ గుడ్డ లేదు. చెయ్యి దానంతట అదే కంటి మీదికి వెళ్లింది. ఇక కళ్లు తెరవలేకపోయాను. తెల్ల గీత కనపడక పక్కకు పోయాను. ఎవరో నన్ను దాటుకుని వెళ్లిన చప్పుడు మాత్రం బాగా వినిపించింది.

సారు నా చెయ్యి అందుకుని వాసన చూసి వదిలేశారు. కాళ్లు విరగ్గొట్టినా బాగుండేది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. "ఎన్నోదానివి?"

"నాలుగు."

నా ఎర్రటి కళ్లు చూసింది. "నీ సాలు కూడా నేనే కోసేదాన్ని గదే. నిన్ను రమ్మన్నది ఎవరు?"

ఎవరూ లేరు. ఎవరైనా రమ్మని ఉంటే ఈపాటికి వాళ్లను తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. రెండేళ్లు లేవడం నేర్చుకున్నాను గానీ, ఒక్క రోజు పడుకోవడం చేతకాలేదు.

పరీక్షలయిన మర్నాటి నుంచి ఆ ముఠాలో మనిషి తక్కువైంది లేదు.