సూడిగొర్రెల గంగాధరప్ప

శింగనమల చుట్టుపక్కల కురుబ గంగాధరప్పకు ఉన్నంత దినాల లెక్క గోడమీద కాలెండరుకు కూడా లేదనేవాళ్ళు. పొట్టేలు రొమ్ముకు ఎర్రమట్టి జాజు పూసి మందలోకి వదిలేవాడు. ఏ గొర్రె నడుం మీద ఎర్రమరక కనబడితే దాని మెడకు దారం కట్టి, పొట్టేలు దాటిన ఆ పొద్దు నుంచి సూడి దినాలు లెక్కపెట్టేవాడు. ఎల్లుండి ఈనుతుందంటే ఎల్లుండే ఈనేది. పుట్టిన పిల్ల ఊపిరి తీయకపోతే ముక్కులో జిగురు వేలితో లాగేసి, వెనకకాళ్ళు పట్టి రెండు ఊపులు ఊపి, ముక్కుల్లోకి నోటితో ఊదేవాడు. చచ్చిందనుకున్న పిల్ల తుమ్మి లేచేది. పక్క మందలవాళ్ళు కూడా ఈ పనికి ఆయన్ను పిలుచుకుపోయేవాళ్ళు.

ఆయనకు ఒకటే పట్టింపు. సూడిగొర్రెను చావుకు అమ్మడు. వానలు ఎగబెట్టి గడ్డిపోచ దొరకని ఏడాది మంద సగమైపోయింది గానీ, కడుపుతో ఉన్నదాన్ని మాత్రం కసాయివాడికి ఇవ్వలేదు.

తొంభైతొమ్మిది ఎండాకాలంలో కూతురు వనజాక్షి పుట్టింటికొచ్చింది. ఏడో నెల దాటిందో లేదో నొప్పులు మొదలయ్యాయి. బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. మంత్రసాని మారెక్క వచ్చి తలుపేసుకుంది. కాసేపటికి పిల్లాడు పుట్టాడు, కానీ ఏడుపు వినపడలేదు.

"ఊపిరి లేదమ్మో!" అన్న మారెక్క కేక అరుగు మీదున్న గంగాధరప్ప చెవిన పడింది. దిగ్గున లేచి తలుపుదాకా పోయాడు. కూతురి కాన్పుగదిలోకి తండ్రి అడుగుపెడతాడా ఎక్కడైనా? భార్య లక్ష్మీదేవమ్మ తలుపు సందులోంచి, "సిగ్గుల్యా? అవతలికి పో!" అని కసిరింది. అవతలికి పోయాడు. లోపల ఉల్లిగడ్డ వాసన చూపించారు, నీళ్ళు చల్లారు, దేవుళ్ళందరినీ పిలిచారు. చాలాసేపటికి పిల్లాడు కీచుమన్నాడు. ఊరంతా బీరప్ప దయ అంది.

పిల్లాడికి హర్ష అని పేరుపెట్టారు. మూడేళ్ళొచ్చినా వాడు కూర్చోలేదు. కాళ్ళు కత్తెరలాగా ఒకదానిమీదొకటి బిగుసుకుపోయేవి. తెలివికేం తక్కువ లేదు, మాటే ముద్దముద్దగా, ఆలస్యంగా వచ్చేది. వాళ్ళ నాయన మూడుసార్లు వచ్చి చూశాడు. నాలుగోసారి రాలేదు. ఆ ఘనకార్యానికి అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు, వనజాక్షి కడుపునే తప్పుపట్టారు.

అప్పుడు జీపు వచ్చింది. బెంగుళూరులో ఏదో పరిశోధనశాలలో పనిచేసే రాఘవేంద్ర అనే డాక్టరు దిగాడు. తొంభై అయిదు దినాల సూడిగొర్రెలు కావాలట, ఒక్క దినం అటూఇటూ కాకూడదట. సంతలో అడిగితే అందరూ ఈ ఇల్లే చూపించారు.

"మళ్ళా బతుకుతాయా సార్?" అడిగాడు గంగాధరప్ప.

"బతకవు. నీతో అబద్ధమెందుకు?"

"అట్లయితే పో సార్. నా మందలో యావీ లేవు."

పోతూపోతూ డాక్టరు మంచం మీదున్న హర్షను చూసి ఆగాడు. కాళ్ళు పట్టుకుని మెల్లగా వంచి చూశాడు. "నెలలు నిండకుండా పుట్టినాడా? పుట్టంగానే ఏడవలేదు గదా?" అన్నాడు. దగ్గరుండి చూసినవాడిలా చెప్పేసరికి గంగాధరప్ప అతన్ని కూర్చోమన్నాడు.

డాక్టరు మంచం పట్టె మీద కూర్చుని విడమరిచి చెప్పాడు. మెదడులో తెల్లటి భాగం ఉంటుంది, అందులో సన్నటి తీగలుంటాయి. వాటిమీద తొడుగు తయారయ్యే వేళకు గాలి చాలకపోతే ఆ తొడుగు సరిగా ఏర్పడదు. బోరుమోటారు వైరు పైతోలు పోతే మోటారు ఎట్లా తిరగదో, కాళ్ళూ అట్లాగే మాట వినవు. కడుపులో తొంభై అయిదు దినాల గొర్రెపిల్ల మెదడు, నెలలు నిండని బిడ్డ మెదడు ఇంచుమించు ఒకటే. దెబ్బ ఎలా తగులుతుందో, ఎలా ఆపాలో అందులో చూస్తారు.

"మందు దొరుకుతుందా సార్?"

"దొరుకుతాదనే మా ఆశ."

ఎవరికి దొరుకుతుందని గంగాధరప్ప అడగలేదు. డాక్టరూ చెప్పలేదు. అడగనిది చెప్పకపోతే అది అబద్ధం కిందికి రాదు కాబోలు, చదువుకున్నవాళ్ళ దగ్గర.

బీరప్ప గుడిలో టెంకాయ కొట్టి, తప్పైందని చెంపలేసుకుని, గంగాధరప్ప మొదటి సూడిగొర్రెను జీపెక్కించాడు. లక్ష్మీదేవమ్మ కంచం ముందర నుంచి లేచిపోయింది. "కడుపుతో ఉన్నదాన్ని సంపి మనవణ్ణి నడిపిస్తావా? ఏం మనిసివయ్యా నువ్వు!" అంది. నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆరేళ్ళు జీపు వస్తూనే ఉంది. మంచి ఈడులో ఉన్నవాటినే ఏరి ఇచ్చాడు, మందు తొందరగా తేలుతుందని. ఆయన జీపు దగ్గర నిలబడి కూతేస్తే చాలు, అవి తోసుకుంటూ వచ్చి ఎక్కేవి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. అవి గంగాధరప్పను నమ్మాయి, గంగాధరప్ప డాక్టరును నమ్మాడు. జీపు కదిలినప్పుడల్లా హర్ష మంచం మీంచి, "తాతా... ఇంగెన్ని?" అనేవాడు. "ఇంగ శానా లేవులే నాయనా" అనేవాడు తాత.

రెండువేల ఎనిమిదిలో డాక్టరు ఒక్కడే వచ్చాడు. పని అయిపోయిందట. ఇంగ గొర్రెలు అక్కర్లేదట. తమ పరిశోధన అచ్చేసిన బొమ్మల పుస్తకం చేతిలో పెట్టాడు.

"మందు యాడ సార్?" అన్నాడు గంగాధరప్ప.

డాక్టరు తల దించుకున్నాడు. "ఇంకా రాలేదప్పా. వచ్చినా పుట్టిన గంటల్లోపల ఇయ్యాల. తొమ్మిదేండ్ల పిల్లోడికి పనికిరాదు."

"ఆ మాట ఆపొద్దే చెప్తే ఏమైతుండె? నా గొర్రెలన్నా బతుకుతుండె గదా!"

గంగాధరప్పకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకాన్ని విసిరి కొట్టాలనుకున్నాడు. ఇంతలో దొడ్డిలో ఒక గొర్రె ఈనింది. పిల్ల కదల్లేదు. కోపం కోపంగానే ఉంది, చేతులు వాటి పని అవి చేశాయి. జిగురు లాగి, ఊపి, ముక్కుల్లోకి ఊదాడు. మళ్ళీ ఊదాడు.

డాక్టరు కళ్ళప్పగించి చూస్తూ, "ఇదేనప్పా! ఆరేండ్లు మేము తేల్చింది ఇదే. మొదటి నిమిషాల్లో గాలి అందాల. బిడ్డనైతే ఊపకూడదు గానీ ముక్కు, నోరు తుడిచి మెల్లగా ఊదాల. హర్షకు ఆపొద్దు ఎవరన్నా ఇది చేసింటే... గట్టిగా చెప్పలేను గానీ, నడుస్తుండెనేమో" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ తలుపు పట్టుకుని అట్లాగే కూలబడింది. ఆ తలుపే. గంగాధరప్ప ఆమెవైపు చూడలేదు.

గొర్రెపిల్ల తుమ్మి కాళ్ళు విదిలించింది. హర్ష మంచం మీంచి అంతా చూస్తున్నాడు. మాట కూడదీసుకుని, "తా...తా, నాకూ అట్లే ఊదినావా?" అని అడిగాడు.

"లేదు నాయనా" అన్నాడు గంగాధరప్ప. "నీకు ఊదలేదు. సిగ్గుపడి అరుగు మీద కూసోనుంటిని."