ఖాకీ చొక్కా కింది చీటీ

టీచరుగా రిటైరయ్యాక నిజామాబాద్‌లోని ఓ చిన్న మ్యూజియంలో జీతం లేని కొలువులో కుదిరాను. దుమ్ము దులపడం, వస్తువుల కింద చీటీలు రాసి పెట్టడం, అద్దాల మీద చేతులు వేసే పిల్లల్ని కసరడం నా పని. "బడిల కసురుకున్నది సాలలేదా?" అని మా ఆవిడ దెప్పేది.

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ కోసం అక్కడ ఓ గది కేటాయించి, అందులో పనిచేసినవాళ్ల వస్తువులుంటే ఇమ్మని అందరినీ అడిగాం. బోధన్ నుంచి ఓ ముసలమ్మ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. సంచిలోంచి చనిపోయిన భర్త ఖాకీ చొక్కా తీసింది. మోచేతి దగ్గర ఆమె వేసిన మాసిక ఉంది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోరు కదా, దినాల రోజే చుట్టాలు అన్నీ తీసేశారట. ఇదొక్కటి ఎవరికీ కనబడకుండా బియ్యం డబ్బాలో దాచుకుంది. ఆమెకు పిల్లలు లేరు.

"నేను పోతే దీన్ని బయట పారేస్తరు సారూ. ఈడనన్న ఉండనీ" అంది.

"మీ ఆయన పేరేందవ్వా?" అన్నాను. తల వంచుకుంది. మొగుడి పేరు నోట పలకని కాలం మనిషి. ఎక్కడైనా అడిగితే పక్కవాళ్లు చెప్పేవారు, ఆ రోజు పక్కన ఎవరూ లేరు. ఆధార్ కార్డు అడిగి చూశాను, దాంట్లో ఆమె పేరే ఉంది, భర్త పేరు లేదు. సరేలే అని 'చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడి చొక్కా' అని చీటీ రాసి పెట్టాను.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. అద్దం వెనక చొక్కాను చాలాసేపు చూసి, కింద ఏం రాసుందో చదవమంది. చదివాను.

"గంతేనా?"

"పేరు నువ్వు చెప్పకపోతివి గదవ్వా."

"కార్మికులు మస్తుమంది ఉండిరి సారూ. గిది మా ఇంటాయన అంగి."

నాకు విసుగూ వచ్చింది, జాలీ వేసింది. తెలిసినవాళ్లతో ఫోన్ చేయించమన్నాను. ఆయన తోటివాళ్లు ఎవరూ మిగల్లేదని, ఇంటి పక్కన కొత్తగా వచ్చినవాళ్లకు తనే తెలియదని చెప్పింది.

కొత్త చీటీ, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని, నావైపు కాకుండా అద్దం వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. నాకు వినబడలేదు. నా చెవుల్ని నేనే తిట్టుకుంటూ "ఇంకోసారి చెప్పవ్వా" అన్నాను. అలా అడగడానికి చచ్చేంత సిగ్గేసింది. ఈసారి గట్టిగా చెప్పింది, ఇంట్లోంచి వాకిట్లో ఉన్న మనిషిని పిలిచినట్టు. పక్క గదిలోవాళ్లు తొంగి చూశారు.

పేరు రాసి, చీటీ మార్చి, చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చొక్కా వైపే చూస్తూ నిలబడింది.

"బతికినన్ని దినాలు ఒక్కపారన్న పేరు పెట్టి పిల్వలే సారూ" అంది. "గిప్పుడు పిలిస్తి, పలుకుతలేడు."