ఎర్ర మచ్చ కింద రాసిన మాట

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పుకోవడానికి మనిషి లేడు. తెనాలిలో ఒంటరి గది, బాపట్లలో పాఠాలు చెప్పే ఉద్యోగం, మధ్యలో రైలు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పరిశోధన చదివేవాళ్ల చూపు మీద. వ్యవసాయ శాస్త్రం రాసిన కాగితాన్ని కంప్యూటర్ తెర మీద పెడితే, కింద అమర్చిన చిన్న కెమెరా వాళ్ల కన్ను ఎక్కడ, ఎంతసేపు ఆగిందో పట్టుకుంటుంది. ఆగిన చోట బొమ్మలో ఎర్ర మచ్చ పడుతుంది. చూపు ఎక్కువసేపు ఆగితే అర్థం కానట్టు. ఇది నేను ముందే రాసిపెట్టుకున్న తీర్పు.

రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో ఒక గది అడిగి ఈ మిషన్ పెట్టాను. మినుములో కలుపు మందు గురించిన ఆ కాగితం నేను రాసిందే. రైతులు వచ్చారు, పైనుంచి కిందికి గబగబా చూశారు, "బాగుందండి" అని లేచారు. సారు రాసినదాన్ని ఎదురుగా తప్పుపట్టడం మర్యాద కాదని వాళ్ల ఉద్దేశం. నేను దాన్నే అర్థం కావడం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అలా అనుకోవడం నాకు తేలిక.

ఆఖరున ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. రెండెకరాలు సొంతంగా చేసుకుంటుంది. ఏడో తరగతి దాకా చదివానని కాస్త గర్వంగా చెప్పింది. ఆవిడ చూపు ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ అక్కడికే వచ్చింది.

"విత్తనం చల్లిన రోజే గడ్డి మందు కొట్టమని ఉందేంటి బాబూ? మనం మినుము చల్లేది కోతకు ముందు, వరి చేలోనే గదా. ఆ మందు కొడితే వరి ఏమైపోద్ది?"

ఆ వాక్యం వేరే ప్రాంతపు పుస్తకంలోంచి దించాను మరి. దారిలో చుండూరు చేలు రోజూ రైల్లోంచి చూసేవాణ్నే, ఏం చూశాను?

"చదవడం వరకే అమ్మా," అన్నాను.

"నేను సరిగ్గానే చదివానా అండి?"

"అది మిషన్ చెబుతుంది."

ఆవిడ మళ్లీ బాబూ అనలేదు.

రైతుల కోసం రాసిన ఆ కాగితం అచ్చుకు పంపేముందు ఆ వాక్యం దిద్దుకున్నాను. ఎవరు చెప్పారో ఎక్కడా రాయలేదు. పైగా ఆవిడ చూపు బొమ్మను నా పరిశోధనలో వేసి, కింద "అర్థం చేసుకోలేని పాఠకురాలు" అని రాశాను. నిజం రాస్తే నా కాగితం తప్పని తేలుతుంది, ఆగిన చూపు మీద నేనిచ్చిన తీర్పూ కూలిపోతుంది, పట్టా చేతికి రాదని భయపడ్డాను. పేరు వేయలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. పేరు లేకపోతే అది అవమానం కాకుండా పోతుందా?

ఏటా ఆ బొమ్మ తరగతిలో చూపిస్తాను. పిల్లలు నవ్వుతారు. ఈవిడెవరని ఎవరైనా అడిగితే భుజాలు తడుముకుంటాను. రేపల్లె బండి ఎక్కుదామని ఎన్నిసార్లో స్టేషన్‌కి వెళ్లి, ప్లాట్‌ఫారం మీద టీ తాగి తిరిగొచ్చాను. ఆ బొమ్మ ఉందనే ఆవిడకు తెలియదు, వెళ్లి చెబితే నా బరువు ఆవిడ నెత్తిన పెట్టడమే కదా అనుకుంటాను. ఇదీ సాకే. నాకు సిగ్గు, అంతే.

ఇప్పుడు మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. అంతకు మించి అడిగే ముఖం నాకు లేదు. ఆ బొమ్మ కింద ఉండాల్సిన మాట ఇది. ఆ రోజు ఆ కాగితాన్ని చదివింది ఈవిడ ఒక్కతే.