పురుగు రాయి కోసం తవ్విన బావి

మా అపార్ట్‌మెంట్ కింద గ్రానైట్ కోస్తుంటే లేచే తడిరాతి వాసన తగిలిందంటే చాలు, చేతిలో ఫోన్ ఉన్నా చూపు దాని మీద నిలవదు. వేసవి సెలవులకు ఎల్లారెడ్డి వెళ్లి, ఇంటి వెనక చెలకలో ఎండిన బావి గట్టున కూర్చుని, వేయించిన చింతగింజలు కటకటా నములుతూ, ముత్తవ్వ తన చిన్నప్పటి నిజాం జమానా సంగతులు చెబుతుంటే విన్న సాయంత్రాలు గుర్తొస్తాయి.

ఆ బావి తవ్వింది ఆమె బాపు. ఊరూరా బావులు తవ్వడమే ఆయన పని. తాడ్వాయిలో పచ్చ మొరం మట్టి పొర కింద నీళ్లు పడితే ఎల్లారెడ్డిలోనూ అదే మొరం కోసం చూసేవాడు. ఒకసారి కామారెడ్డిలో, రాళ్లను పరిశీలించే సారొకాయనకు సంచి మోస్తే, ఆయన ఒక నల్లరాయి చూపించాడట. అందులో, వానాకాలం పాకే రోకలిబండలాంటి పురుగు రాయైపోయి ఉంది. పేరు ట్రైలోబైట్ అట. ఎంత దూరదేశాల్లోనైనా ఇదే పురుగు దొరికితే ఆ రెండు పొరలదీ ఒకే కాలం అన్నాడట. తన మొరం లెక్కే కదా అనుకున్నాడు బాపు. పురుగు పొర అన్ని ఊళ్ల కిందా ఉంటుందని, దాని కిందే నీళ్లని నమ్మి, వానల్లేని ఆ ఏడు సొంత చెలకలో బండ తగిలినా ఆగకుండా సమ్మెటతో కొడుతూనే పోయాడు. ఒకరోజు రాయి పడి భుజం విరిగింది. అయినా మళ్లీ దిగబోతే, భార్య బావిలోకి దిగే మోకు పైకి లాగి దాని మీద కూర్చుంది. "నన్ను సంపి దిగు" అంది. ఆయన మళ్లీ దిగలేదు. చెలక బీడు పడింది. ఇంకో గజం దిగనిస్తే పురుగు రాయి దొరికేదని ఇంటిల్లిపాదీ ఆమెనే అన్నారు. ముత్తవ్వ అయితే తల్లి పోయేదాకా సరిగ్గా మాట్లాడలేదు.

వింటుంటే నాకు ఒళ్లు మండేది. ఎవరి మీదో తెలిసేది కాదు. పురుగుకూ నీళ్లకూ ఏం సంబంధమని అరిస్తే, "నల్లా తిప్పితే నీళ్లొచ్చెటోనివి, నీకేమెర్కరా బాయి సంగతి?" అనేది.

మొన్న వెళ్లాను. బావిని పూడ్చేశారు, దాని మీద ఎవరిదో కారు ఉంది. "గా ఫోన్ల సూడుర, ఆ పురుగు మన దగ్గర ఎంత కిందుంటదో" అంది ముత్తవ్వ. చదివిన కొద్దీ బుర్ర తిరిగింది. ఆ పురుగులు కోట్ల ఏళ్ల కిందట, ఆర్డోవీషియన్ లాంటి కాలాల్లో సముద్రాల్లో తిరిగాయట. మన బండ అంతకంటే ఎంతో ముందుది, దాని కింద ఆ తర్వాతి కాలం పొర ఉండదు. బాపు పురుగు కోసం దిగిన ప్రతి గజమూ దానికి దూరంగానే దిగాడు. చెప్పాలో వద్దో తేలక, చిరాకులో అనేశాను.

"లేదు ముత్తవ్వా. ఎంత తవ్వినా రాదు."

"ఇంకో గజం దిగినా?"

"ఎన్ని గజాలు దిగినా."

ఆమె కారు వైపే చూస్తూ కూర్చుంది.

"మరి మా అమ్మను గన్ని మాటలెందుకంటిమిరా?"