తడపని చక్రం

నా చిన్నప్పుడు ఒక ఏడు వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్తే నాకంటూ ఒక పని దొరికింది. మా తాతయ్య బండి చక్రాలు చేసే వడ్రంగి. మామూలు రోజుల్లో బండిని కాలువలోకి దించి చక్రాలు తడిపేవారు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తే ఆ వీలుండదు. చెక్క ఎండి కుంచించుకుపోతుంది, చుట్టూ ఉన్న ఇనప పట్టా వదులై ఊడిపోతుంది. అందుకని రోజూ సాయంత్రం నూతినీళ్లు తోడి చక్రాలకు చుట్టిన గోనెల మీద పోయాలి. ఆ పని నాకు అప్పగించినందుకు తెగ మురిసిపోయాను. నా మురిపెం నాలుగు రోజులే. తర్వాత తొక్కుడుబిళ్ల ఆటలో పడి ఎగ్గొట్టాను. అడిగితే పోశానని చెప్పేదాన్ని.

ఆ ఏడు మా పిన్ని పురిటికి వచ్చింది. ఇంకా నెల గడువుండగానే ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, "నా వల్ల కాదండి, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి" అంది. పిన్నిని బండిలో గడ్డి మీద పడుకోబెట్టారు. అమ్మమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. మంచినీళ్ల బిందె పట్టుకుని నేనూ ఎక్కాను. కాలువగట్టు మీద సగం దూరం వెళ్లామో లేదో, ఎడమ చక్రం పట్టా జారిపోయి బండి ఒరిగింది.

తాతయ్య చక్రాన్ని చేత్తో తడిమి చూశారు. నావైపు ఒక్కసారి తిరిగి చూశారు. తుమ్మకొమ్మ నరికి చీలికలు చేసి, పట్టా మళ్లీ ఎక్కించి, సందుల్లో దిగ్గొట్టి, నా బిందెలో నీళ్లన్నీ దాని మీద పోశారు. గంట పైనే పట్టింది. అంతసేపూ పిన్ని మూలుగు వింటూ నేను గట్టు మీద నిలబడే ఉన్నాను.

పిన్ని బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రి వరండాలో తాతయ్య నా పక్కన కూర్చున్నారు. "బిడ్డ పొద్దుటే కడుపులోనే పోయిందట అమ్మడూ, డాక్టరమ్మగారు చెప్పారు. బండి ఆగకపోయినా అంతేనట" అన్నారు. అమ్మమ్మతో మాత్రం, చక్రం తానే చూసుకోలేదని చెప్పారు.

టైరు బండ్లంటే మండిపడే మనిషి, తన పని పోతుందని తెలిసీ, ఆ నెలలోనే తాను చేసిన చక్రాలు తీసి రబ్బరు టైర్లు వేయించారు. ఎందుకని అడిగాను. మొదట దుంగల మీద బరువులు దొర్లించేవారట. తర్వాత దుంగను గుండ్రంగా కోశారు, అది బరువై పగిలిపోయింది. అప్పుడు తేలిగ్గా ఉండాలని నడిమి నుంచి అంచుదాకా కర్ర ఆకులు అమర్చారు, అంచు అరిగిపోతుంటే ఇనుము తొడిగారు. "ప్రతిసారీ ఎవరో ఒకరు దారిలో ఆగిపోయి ఏడ్చి ఉంటారమ్మా. అప్పుడుగానీ చక్రం మారదు" అన్నారు.

మోకాళ్లు పోయి రెండేళ్లుగా నేను చక్రాల కుర్చీలో తిరుగుతున్నాను. పొద్దున్నే ఎక్కే ముందు రెండు టైర్లూ నొక్కి చూసుకుంటాను. చాదస్తమని మనవరాలు నవ్వుతుంది. డాక్టరమ్మగారు నిజంగా ఆ మాట అన్నారా అని తాతయ్యను అడిగే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు.

పిన్ని ఇప్పటికీ వారం వారం ఫోన్ చేస్తుంది. "కుర్చీ బాగా నడుస్తోందా అమ్మా?" అని అడుగుతుంది. "రోజూ చూసుకుంటున్నాను పిన్నీ" అంటాను. అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.