పడవ బ్యానరులో తెలుగు అక్షరాలు

ఇందుకూరుపేటలో నా డీటీపీ సెంటరులో కంప్యూటరు నడిపే లినక్స్ సిస్టం అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక తెరమీద తెలుగంతా డబ్బాలైపోయింది. కొత్త పడవకు బ్యానరు వేయించడానికొచ్చిన అక్క బిత్తరపోయింది.

“ఏందన్నా, గళ్లు గీసినావు? మధ్యాన్నం పడవ దించాల!”

ఫాంట్ల సెట్టింగుల ఫోల్డరు తెరిచాను. అప్‌డేట్ సగంలో ఆగడంతో తెలుగు ఫాంటు చూపించే కొత్త ఫైలు తాత్కాలిక పేరుతోనే మిగిలిపోయింది. ఆ పేరుంటే సిస్టం దాన్ని చదవదు. చెత్తనుకుని తుడిచేయబోయి ఆగాను. అసలు ఫైలు అదే! ఆగిన ఇన్‌స్టలేషన్‌ను పూర్తి చేయించాను. ఫైలుకు సరైన పేరొచ్చింది. బ్యానరు మళ్లీ తెరిస్తే పడవ పేరు ఒత్తులతో సహా నిండుగా కనిపించింది.

“వచ్చేసినాయి!” అని అక్క కేకేసింది.

మధ్యాహ్నం మైపాడు తీరాన ఆ పడవ అల దాటుతుంటే అందరికన్నా గట్టిగా ఈల వేసింది నేనే.