చిన్న సేటు ఉపాసం

కొత్తగా ఉద్యోగం దొరికిన మనిషికి ముందు నడక మారుతుంది, ఆ తర్వాత గొంతు మారుతుంది. ఆ రోజుల్లో నాకు రెండూ మారాయి. భివండి పక్కన మాన్కోలిలో ఒక పెద్ద గోదాం. లోపలికి వచ్చే డబ్బాల మీది గీతల చీటీని చేతిలోని మెషీన్‌కు చూపించడమే నా పని (అది కీచుమంటే సరే, అనకపోతే మళ్లీ చూపించాలి). కానీ నా వాలకం చూస్తే ఆ గోదాం తాళాలన్నీ నా నడుముకే వేలాడుతున్నాయని అనుకోవాలి. మెడలో ఐడీ కార్డు వేసుకొని కిరాణా దుకాణానికి కూడా పోయేవాణ్ణి. అన్నం తినేటప్పుడు అది వెళ్లి పప్పులో పడుతుంటే, మా అమ్మమ్మ దాన్ని వీపు వైపుకు తిప్పి, "ఏందిరా ఇది, మేకకు తలుగు కట్టినట్టు!" అనేది.

అప్పుడు నేనుండేది వరాలా తలావ్ దగ్గర మా మామ ఇంట్లో. మామంటే మా అమ్మకు తమ్ముడు. తాత కాలంలోనే కరీంనగర్ దిక్కు నుంచి భివండికి వచ్చిన కుటుంబం. కింద మామ సాంచాలు (మరమగ్గాలు), పైన ఇల్లు. సాంచాలు నడుస్తున్నంతసేపూ పైన నేల సన్నగా వణుకుతూ ఉండేది. ఆ ఇంట్లో గ్లాసెడు నీళ్లు కదలకుండా నిలబడ్డాయంటే కరెంటు పోయిందని లెక్క, లేదా శుక్రవారం సుట్టి (సెలవు) అని లెక్క. మామ పిల్లలిద్దరూ పుణేలో చదువుకుంటున్నారు కాబట్టి ఇంట్లో మిగిలింది మామ, అత్త, అమ్మమ్మ, నేను. ఐదో ప్రాణి తర్వాత వచ్చింది.

ఒకరోజు మామ ఒక గాజు తొట్టి, దాన్లో వేలంత పొడుగున్న చేపపిల్లను తెచ్చి ముందు గదిలో పెట్టాడు. ఫ్లవర్‌హార్న్ అట. చెంపలకు కొంచెం ఎరుపు, పక్కల మీద నల్ల చుక్కలు, మొఖంలో ఎవరి మీదో అలిగినట్టు ఒక బిగింపు. "ఇది పెద్దగైతే తలకాయ మీద ఇంత బొప్పి వస్తది. బొప్పి ఎంత పెద్దగుంటే ఇంటికి అంత బర్కత్, అంత కలిసొస్తది" అని మామ అరచెయ్యి దొన్నెలా చేసి చూపించాడు. పనివాళ్లు మామను సేట్ అని పిలుస్తారు గనక ఇది చిన్న సేటు అయింది. ఆనాటి నుంచి మామ పొద్దున లేవగానే దేవుడి పటం కన్నా ముందు తొట్టిలోకి చూసి, తలకాయ నున్నగానే ఉండడం గమనించి, నిట్టూర్చి, పండ్లు తోముకోవడానికి పోయేవాడు. అమ్మమ్మ మాత్రం ఆ దిక్కే చూసేది కాదు. "వండుకు తినని చాపను ఇంట్ల పెట్టుకునుడు నేనెన్నడు సూడలే" అనేది, అంతే.

ఇట్లా ఉండగా అత్త చెల్లెలి పెళ్లి వచ్చింది. మామ, అత్త ఊరికి పోవాలి. అమ్మమ్మ మోకాళ్లు అంత దూరం బస్సుకు ఒప్పుకోవు, నాకు సుట్టి దొరకదు. బయల్దేరే ముందు మామ నన్ను తొట్టి ముందు నిలబెట్టి, ఎర్ర మేత గోళీల డబ్బా చేతిలో పెట్టాడు. "పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. అంతే. ఇది కడుపు నిండినా అడుగుతనే ఉంటది. మనిషి కనవడితే సాలు, మూతి తెరుస్తది. ఇయ్యొద్దు. దానికి సిగ్గు లేదు, నీకుండాలె." నేను ఐడీ కార్డు సర్దుకొని, "మామా, లారీలకు లారీల మాల్ సంబాళిస్తున్న. ఒక్క చాపపిల్లను సంబాళించనా?" అన్నాను. మామ నా కార్డు వైపు, తర్వాత చేప వైపు చూశాడు. ఆ చూపులో నమ్మకం చేప మీదే ఎక్కువ కనబడింది.

వాళ్లు పోయిన మర్నాడు నేను డ్యూటీకి తయారవుతుంటే అమ్మమ్మ తొట్టి ముందు పీట వేసుకొని కూర్చొని ఉంది. ఇవతల అమ్మమ్మ మొఖం, అవతల చిన్న సేటు మొఖం, మధ్యలో అద్దం. వాడు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, తోక ఊపుతూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఒకటే తిరుగుడు.

"బక్కోడా, దీనికి ఆకలైతుందిరా" అంది (బక్కోడంటే నేనే, అప్పట్లో నన్ను అడ్డంగా నిలబెడితే గోడకున్న మేకు కూడా నా కన్నా లావుగా కనబడేది).

"ఇప్పుడే పెట్టిన అమ్మమ్మా."

"ఏం పెట్టినవ్?"

"నాలుగు గోళీలు."

"నాలుగు గోళీలతోని ఎవనికన్న కడుపు నిండుతదా? నీకు నాలుగు మెతుకులు పెడితే ఊకుంటవా?"

మామ చెప్పిందంతా చెప్పాను. ఆమె తల ఊపింది. అమ్మమ్మ తల ఊపిందంటే విన్నదని మాత్రమే అర్థం, ఒప్పుకున్నదని కాదని నాకు అప్పటికి తెలియదు. సాయంత్రం వచ్చేసరికి తొట్టిలో నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. అడుగున రాళ్ల మధ్య జొన్నరొట్టె ముక్క మెత్తబడి కూర్చుంది. "అమ్మమ్మా, ఏమన్న పెట్టినవా?" అంటే, "నేనేం పెడత? రొట్టె తినుకుంట కూసున్న, చేతిల కెళ్లి జారింది" అంది. మర్నాడు అటుకులు జారాయి. ఆ మర్నాడు ఉడికిన గుడ్డులో పచ్చసొన జారింది. ఆమె చేతికి అంత పట్టు తప్పడం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నాలుగే గోళీలని ఆమెకు పాఠం చెప్పినవాణ్ణే, కానీ గోదాం నుంచి వచ్చి చెప్పులు విడిచేసరికి చిన్న సేటు అద్దానికి ముక్కు ఆనించి ఒళ్లంతా ఊపుతూ ఎదురయ్యేవాడు. పొద్దంతా సూపర్‌వైజర్ మొఖం తప్ప ఇంకోటి చూడనివాడికి, నన్ను చూసి ఎగిరే ప్రాణి ఒకటి దొరికితే చెయ్యి ఊరుకుంటుందా? నాలుగు ఆరయ్యేవి. ఆరు కాస్తా చారెడయ్యేవి. ఒకసారి వేలు నీళ్లలో పెడితే వేలును కూడా పట్టుకొని గుంజాడు. నొప్పి పుట్టినా గర్వంగానే అనిపించింది. నేనిట్లా పెడుతున్నట్టు అమ్మమ్మకు తెలియదు, ఆమె అట్లా పెడుతున్నదని నాకు సగమే తెలుసు. చిన్న సేటుకు మాత్రం అంతా తెలుసు, కానీ వాడెందుకు చెప్తాడు?

నాలుగైదు రోజులకు వాడు ఎగరడం మానేశాడు. పొద్దున లేచి చూస్తే కడుపు ఆడుకునే గోటీలా ఉబ్బి, ఒక పక్కకు ఒరిగి, రాళ్ల మీద పడుకున్నాడు. గోళీ వేస్తే కన్ను కూడా తిప్పలేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. వీడియో కాల్‌లో మామ. వెనక బాజాలు, చుట్టాల అరుపులు. "బక్కోడా, చూపియ్యిరా నా బిడ్డను!"

ఫోన్‌ను తొట్టికి ఎంత దూరంగా పెట్టొచ్చో అంత దూరంగా పెట్టాను.

"ఏందిరా, పండుకుంది?"

"మబ్బులున్నయ్ మామా. సల్లగుంటే లేస్తలేదు."

"జర దగ్గర చూపియ్యి. బొప్పి ఏమన్న వచ్చిందా?"

వచ్చింది మామా, కాకపోతే తలకాయకు రాలేదు, కడుపుకు వచ్చింది అనాల్సిన మాట. "ఇప్పుడిప్పుడే తెలుస్తుంది" అన్నాను. మామ ఆనందంతో ఫోన్‌ను అటు తిప్పి, పెళ్లికొడుకుతో సహా అక్కడున్నవాళ్లందరికీ ఆ వార్త చెప్పాడు. నేను కాల్ కట్ చేసి నేల మీద కూలబడ్డాను.

చేప తెచ్చిన దుకాణానికి ఫోన్ చేశాను. దుకాణమతను ఏమేం పెట్టారని అడిగాడు. రొట్టె, అటుకులు, గుడ్డు అని నేను చెప్తూ పోతుంటే, "భాయ్, మఛ్లీ హై కి బారాతీ?" అని పగలబడి నవ్వాడు. చేపకా పెడుతున్నారు, పెళ్లివారికా అని. నవ్వడం అయ్యాక, సగం నీళ్లు మార్చండి, ఒక రోజంతా ఏమీ పెట్టకండి, తర్వాత పచ్చి బఠానీ ఉడకబెట్టి పొట్టు తీసి కొంచెం పెట్టండి అన్నాడు. బతుకుతుందా అని అడిగితే, "దేఖ్తే హై" అన్నాడు. చూద్దాం అని. డాక్టర్ల నోట ఆ మాట వింటే ఎట్లుంటుందో అట్లయింది.

డ్యూటీకి రాలేనని గోదాంకు ఫోన్ చేసి, బకెట్లతో నీళ్లు మోశాను. తొట్టి మీద అత్త పాత చీర కప్పాను. వాడు అడుగుతాడని కాదు (వాడు అడిగే స్థితిలో లేడు), అమ్మమ్మకు కనబడకుండా. ఆమె గడప మీద కూర్చొని అంతా గమనించింది. మధ్యాహ్నం అన్నం వడ్డించి పిలిస్తే రాలేదు.

"నాకద్దు. నువ్ తిను."

"ఎందుకు?"

"అది ఉపాసముంటే నేనెట్ల తింట?"

"అమ్మమ్మా, దానికి అజీర్తి. నీకేమైంది?"

"నా పాపానికే గదా దానికి అజీర్తి."

మొదట నవ్వొచ్చింది. రాత్రికీ తినకపోయేసరికి నవ్వు పోయింది. మర్నాడు శుక్రవారం. సాంచాలు బంద్. ఆ చప్పుడు లేకపోతే ఇల్లు ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. నాకూ సుట్టే. తొట్టిలో ఒక ఉపాసం, తొట్టి పక్కన ఒక ఉపాసం. రెండింటి మధ్య నేను. ఆమె పొద్దున చాయ మాత్రం తాగింది. మామ వచ్చేసరికి చేపకేమన్నా అయితే తిట్లతో పోతుంది, ఈమెకేమన్నా అయితే నేను ఏ మొఖంతో నిలబడాలి? పక్కన కూర్చొని బతిమాలాను, కోప్పడ్డాను, మా అమ్మకు ఫోన్ చేస్తానని బెదిరించాను. చాలాసేపటికి ఆమె తొట్టి మీది చీర అంచు ఎత్తి లోపలికి చూస్తూ మెల్లగా అంది.

"మేమొచ్చిన కొత్తల ఈడ సాంచాలు నెలల కొద్ది బంద్ వడ్డయిరా. మీ తాతకు పని లేకుండె. మీ మామ గింతంత ఉండె. పొద్దుందాక పొయ్యి కాడ నిలవడి, మాట రాదు గదా, ఊకె మూతి తెరుసుడు, నా మొఖం దిక్కు చూసుడు. ఎన్నిసార్లు లేదు బిడ్డా అని చెప్పిన్నో. ఇగ ఇప్పుడు మూతి తెరిసినోళ్లకు లేదని చెప్పుడు నాతోని కాదు."

నేను లేచి, బజారుకు పోయి పచ్చి బఠానీలు తెచ్చి ఉడకబెట్టి, గిన్నె ఆమె ఒళ్లో పెట్టాను. "ఇగో అమ్మమ్మా, ఇగ నువ్వే పెట్టు. నేను ముట్టుకోను. గని దుకాణపాయన చెప్పినంతే." ఆమె నా మొఖంలోకి అనుమానంగా చూసింది. "నిజంగనా?" అంది. చేతులు కడుక్కొని వచ్చి, ఒక బఠానీ తీసి, గోటితో పొట్టు వలిచి, పప్పును చిదిమి, బియ్యపు గింజ కన్నా చిన్న ముక్క చేసి, నీళ్లలోకి వేలు పెట్టింది.

చిన్న సేటు ఒక కన్నుతో చూశాడు. లేచాడు. ముక్కను నోట్లోకి తీసుకున్నాడు. ఇద్దరం తొట్టి మీదికి వంగాం. తుపుక్కున ఉమ్మేశాడు. మళ్లీ పెట్టింది, మళ్లీ ఉమ్మాడు. "నకరాలు! అచ్చం మీ మామనే. కాకరకాయ పెడితే గిట్లనే గోడకు ఉమ్మేటోడు" అని, గొంతు మార్చి, "నా బంగారి కొండ గదా, ఒక్క బుక్క, ఒక్కటే బుక్క" అని పాట మొదలుపెట్టింది. వాడికి తెలుగు అర్థమైందో, ఆ గొంతు అర్థమైందో, మళ్లీ పట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. చెంపలు ఒకసారి ఊపి ఇంకో ముక్క కోసం పైకి వచ్చాడు.

తర్వాత జరిగింది మర్యాదగా చెప్పడం కష్టం. చెప్పకపోతే కథ పూర్తి కాదు. మధ్యాహ్నం దాటాక అమ్మమ్మ పెద్దగా కేకేసింది. పరుగెత్తుకొచ్చాను. చిన్న సేటు తొట్టి మధ్యలో నిలువుగా, గంభీరంగా తేలుతున్నాడు, వాడి వెనక పొడుగ్గా ఒక ఆకుపచ్చ దారం. "పోయిందిరా! దొడ్డికి పోయింది!" అని అమ్మమ్మ నా భుజాలు పట్టుకొని ఊపింది. మోకాళ్ల నొప్పులామె, అక్కడే రెండడుగులు ఎగిరింది కూడా. చేప దొడ్డికి పోయిందని పండుగ చేసుకున్న ఇల్లు మొత్తం భివండిలో మాదొక్కటే అయి ఉంటుంది. ఆ తర్వాత ఇద్దరం కూర్చొని మిగిలిన బఠానీలతోనే కూర చేసుకొని ఇంత అన్నం తిన్నాం. ఆమె తింటుంటే చూడ్డమే నాకు కడుపు నింపింది. అయినా రెండోసారి వడ్డించుకున్నాను.

మామ వచ్చేసరికి చిన్న సేటు మామూలు సేటే. మామ సంచీ కింద పెట్టకుండానే తొట్టి దగ్గరికి పోయి, కళ్లు చిట్లించి చాలాసేపు చూసి, "వచ్చింది! బొప్పి వచ్చిందే!" అని అత్తను పిలిచాడు. నిజంగానే నుదుటి మీద ఉందా లేదా అన్నంత చిన్న ఎత్తు. మామ నా వీపు తట్టి, "శభాష్‌రా, మస్తు సంబాళించినవ్" అన్నాడు. అమ్మమ్మ నా వైపు చూడలేదు, నేను అమ్మమ్మ వైపు చూడలేదు. అప్పుడు మామ ప్రేమగా గోళీ తీసి వేలి చివరన పట్టుకొని నీళ్లలో పెట్టాడు. చిన్న సేటు దాన్ని వాసన చూసి, వెనక్కి తిరిగి, అద్దానికి అవతలి పక్క గోడకానుకొని కూర్చున్న అమ్మమ్మ దగ్గరికి పోయి, ఒళ్లంతా ఊపుతూ మూతి తెరిచాడు.

"అమ్మా, ఏం పెట్టినవే దీనికి?"

"నేనేం పెడత బిడ్డా? దాన్దిక్కు చూసిన్నా నేనెన్నడన్న?"

మామ నమ్మలేదు. కుర్చీ లాక్కొని ఆమె పక్కనే కూర్చున్నాడు. చూద్దాం, ఎవరి వేలికి వస్తడో అన్నాడు. ఆమె వేలు పెట్టింది, మామ వేలు పెట్టాడు. కింద సాంచాలు మోగుతూనే ఉన్నాయి, ఎవరో సేట్ సేట్ అని పిలుస్తూనే ఉన్నారు, మామ లేవలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం తల్లీ కొడుకూ అక్కడ కూర్చొని కొట్లాడుకునేవాళ్లు. అంతకు ముందు వాళ్లిద్దరూ అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను చూడలేదు.

వాళ్ల వెనక చేతులు కట్టుకొని నిలబడి, ఇదంతా తన చలవే అన్నట్టు ఛాతీ విరుచుకున్న ఆ పిల్లవాడు (అప్పటి నేనే) ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని, "ఒరేయ్, ఇందుల నువ్ చేసింది ఏం లేదురా, బఠానీలు తెచ్చుడు తప్ప" అని చెప్పాలనిపిస్తుంది. ఎట్లాగూ వినడు. వినకపోయినా ఫరవాలేదు, నిలబడనియ్యి ఇంకాసేపు.